యాభై మూడు చింతగింజలు

కరీంనగర్ గొప్పదా, ఆదిలాబాద్ గొప్పదా అన్న పంచాయితీ కోమలకూ జమునకూ మధ్య ముప్ఫై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. ఇద్దరూ చెన్నూరులో ఒకే బడిలో పంతులమ్మలుగా చేరారు. ఒకే గదిలో వండుకు తిన్నారు. తర్వాత ఎవరి ఊరికి వాళ్లు బదిలీ చేయించుకున్నారు. కోమలది కరీంనగర్, జమునది ఆదిలాబాద్. ఫోను చేసుకుంటే మంచీచెడ్డా రెండు నిమిషాలు, ఊళ్ల కొట్లాట అరగంట. మానేరు మీద తీగల వంతెన వచ్చిన ఏడాది కోమలను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. జమున ఏమైనా తక్కువ తిన్నదా? వంతెన మీద ఫోటోలు దిగి ఇంటికి ఎట్ల పోతరే, రోడ్డు మీద కాలు పెట్టనీకి జాగ ఉంటదా అని దెప్పేది. కోమల పైకి నవ్వేది గానీ ఆ మాట లోపల గుచ్చుకునేది. అందులో నిజముంది మరి.

కోమల భర్త హనుమండ్లు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. నిర్మల్ మీదుగా ఆదిలాబాద్‌కు ఎన్ని వేలసార్లు బస్సు తోలాడో ఆయనకే తెలియదు. అలాంటి మనిషికి నీటికాసుల జబ్బు పట్టుకుని నాలుగేళ్లలో రెండు కళ్లూ తీసుకుపోయింది. చూపు పోయినందుకు ఆయన అంతగా ఏడవలేదు. పర్శరాములు హోటలుకు ఒక్కడే పోలేకపోయినందుకు ఏడ్చాడు. గడ్డిబజార్ రోడ్డుకు ఈ చివర వాళ్ల ఇల్లు, ఆ చివర ఆ హోటలు. పాత డ్రైవర్లంతా పొద్దున్నే అక్కడ చేరి చాయ్ తాగుతూ ఎవరి బస్సు ఏ ఘాట్‌లో ఆగిపోయిందో చెప్పుకుంటారు. మొదట్లో కర్రతో తట్టుకుంటూ ఒక్కడే బయల్దేరాడు. నాలుగు అడుగులు ఫుట్‌పాత్, ఆ తర్వాత ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఇంకో నాలుగు అడుగులు, ఆ తర్వాత మూతలేని మురుగు మోరీ. కాలు మోరీలో పడి పిక్క చీరుకుపోయింది.

అప్పటినుంచి కోమల చేయి పట్టుకుని తీసుకుపోయేది. దోస్తుల మధ్య ఆయన, బయట బెంచీ మీద ఆమె. పావుగంటకే లేచి, నీకు ఇంట్ల పనుంటది పద అనేవాడు. కొన్నాళ్లకు అదీ మానేశాడు.

"నన్ను బడికి తోల్కపోయినట్టు తోల్కపోతున్నవే. వద్దు, ఇంట్లనే ఉంట," అన్నాడు ఒకరోజు.

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక ట్రస్టు వాళ్లు వచ్చారు. పేరు అడుగుబాట. కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఒక్కో రోడ్డు చూస్తారట. ఏది నడవడానికి మరీ అధ్వానంగా ఉంటే ఆ రోడ్డుకు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఎక్కడా తెగని ఫుట్‌పాత్ కట్టిస్తారట. ఎవరి ఊరి గురించి వాళ్లే రాస్తే నమ్మలేం కాబట్టి, ఈ ఊరివాళ్లు ఆ ఊళ్లో, ఆ ఊరివాళ్లు ఈ ఊళ్లో నడిచి రాయాలి. రిటైరైన టీచర్లయితే లెక్క తప్పరని ట్రస్టులో పనిచేసే సాగర్ అనే అబ్బాయి నమ్మకం. కోమల తన పేరిచ్చి, ఆదిలాబాద్ వైపు జమున పేరు తనే చెప్పింది.

లెక్కకు ఇద్దరూ పాత పద్ధతే పెట్టుకున్నారు. చెన్నూరు బడిలో పిల్లలకు కూడికలు నేర్పిన చింతగింజలు. ఫుట్‌పాత్ వదిలి రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక గింజ సంచిలోంచి తీసి డబ్బాలో వేయాలి. ఎన్ని గింజలైతే అన్నిసార్లు దిగినట్టు.

ముందు కోమల ఆదిలాబాద్ పోయింది. పత్తి మార్కెట్ వైపు పోయే దారి వాళ్లది. పత్తి బండ్లు, ఆటోలు, ఫుట్‌పాత్ మీదికే పొయ్యి జరిపిన బజ్జీల బండి. ఒకచోట దిగిందో లేదో తెలియనంత చిన్న అడుగు పడింది. ఆ గింజ వేయకపోతే అడిగేవాళ్లు లేరు. హనుమండ్లు ముఖం గుర్తొచ్చి కోమల కాసేపు అక్కడే నిలబడిపోయింది. చివరికి గింజ డబ్బాలో పడింది. మొత్తం నలభై ఒకటి. నలభై ఒకటే రాసి సంతకం పెట్టింది.

వారానికి జమున కరీంనగర్ వచ్చింది. కోమల సర్వపిండి చేసి పెట్టింది. ముగ్గురూ కలిసి గడ్డిబజార్ రోడ్డు పట్టారు. హనుమండ్లు కోమల చేయి పట్టుకుని నడిచాడు. దిగినప్పుడల్లా డబ్బాలో గింజ టక్కుమంటుంటే ఆయన ముఖంలో వెలుగు పెరిగింది. తన ఊరు ఎంత పాడైతే అంత సంతోషపడిన మనిషి ఆరోజు ఆయనొక్కడే అయ్యుంటాడు.

తప్పు చేసింది కోమల. దారి మధ్యలో ఒక బ్యాంకు ఉంది. దాని ముందు పాతిక అడుగుల మేర కొత్త పలకలు పరిచి, అంచుకు స్టీలు గొట్టాలు పెట్టారు. జమున నివేదిక కోసం ఫోటోలు తీస్తోంది. అంతసేపూ మోరీలూ గుంతలే తీసిందన్న రోషం కోమలకు పొడుచుకొచ్చింది. ఆదిలాబాద్ మనిషి ముందు తన ఊరు మరీ అంత తీసిపోవడం చూడలేకపోయింది. హనుమండ్లును అక్కడ నిలబెట్టి, ఈడ గూడ ఒక ఫోటో దింపవే, మా ఊరు జర మంచిగ కనబడాలె అంది. ఆయన కాలరు సర్దుకుని నవ్వాడు. కోమల ఆయన చేయి పట్టుకునే ఉంది.

ఇంటికొచ్చి గింజలు పళ్లెంలో పోశారు. జమునే రెండుసార్లు లెక్కపెట్టింది. యాభై మూడు. హనుమండ్లు చేతులు పట్టుకుని, "ఇగ ఫికర్ చేయకన్నా. గీ బాట మీకే వస్తది," అంది. గింజలు కోమల దగ్గరే వదిలి బస్సెక్కింది.

రెండు నెలలకు సాగర్ ఫోను చేశాడు. ఫలితం ఆదిలాబాద్‌కు వచ్చిందనీ, అక్కడ పని కూడా మొదలైందనీ చెప్పి, ఇద్దరి నివేదికలూ పంపాడు. కోమల కళ్లద్దాలు తుడుచుకుని చదివింది. ఆదిలాబాద్ నలభై ఒకటి. కరీంనగర్ పందొమ్మిది.

కింద ఫోటో ఉంది. కొత్త పలకలు, స్టీలు గొట్టాలు, నవ్వుతున్న హనుమండ్లు. "చూపు లేని పెద్దలు కూడా ఈ దారిలో ఇబ్బంది లేకుండా నడుస్తున్నారు" అని రాసి ఉంది. ఫోటో అంచున కోమల లేదు. ఆయన్ని పట్టుకున్న చేతిని మణికట్టు దగ్గర కత్తిరించేశారు. రెండు ఆకుపచ్చ గాజులు మాత్రం మిగిలాయి.

ఆ గాజులు చూస్తూ ఎంతసేపు కూర్చుందో కోమలకే తెలియదు. అబద్ధం చెప్పింది ఎవరో అయితే తిట్టి ఊరుకునేది. తన కంచంలో తిని, తన మొగుడి చేతులు పట్టుకుని మాటిచ్చిన మనిషి ఇది చేసింది. సాగర్‌కు చెబుదామంటే, ఆ చోటు చూపించి ఫోటో తీయమన్నది తనేనాయె. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

హనుమండ్లు మాత్రం వాళ్లది మనకంటే అధ్వానమా అని అడిగాడు. అవునంది. ఆయన, పోనీ తియ్యి, వాళ్లకూ కావాలె కదా అన్నాడు. ఆ తర్వాత జమున ఎన్నిసార్లు ఫోను చేసినా కోమల ఎత్తలేదు.

బాట పూర్తయింది. కొబ్బరికాయ కొట్టే రోజుకు రమ్మని జమున ఈసారి హనుమండ్లుకే ఫోను చేసింది. చెల్లె పిలిచింది, పోకుంటే మంచిగుండదని ఆయన పట్టుపట్టాడు. కోమల గింజల డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టారు. జనం పలుచబడ్డాక హనుమండ్లు కర్రతో బాటను తట్టి చూశాడు. మళ్లీ తట్టాడు. మెల్లగా కోమల చేయి వదిలేశాడు. నాలుగు అడుగులు వేసి ఆగాడు. ఇంకో నాలుగు వేశాడు. ఇక ఆగలేదు.

వెనక ఆడవాళ్లిద్దరే మిగిలారు. కోమల సంచిలోంచి డబ్బా తీసి జమున చేతిలో పెట్టింది.

"ఎన్నున్నయో నీకెర్కనే."

జమున డబ్బా తెరవలేదు. "మీకు వంతెనొచ్చింది, లైట్లొచ్చినయి, పార్కులొచ్చినయి. మా ఊరికి ఎన్నడన్న ఏదన్న వచ్చిందా కోమలా? ఒక్కటి, గీ ఒక్కటి రానీయ్ అనుకున్న."

"ఊరికి వచ్చినయి జమునా. మా ఇంటి ముంగటికి రాలే," అంది కోమల. "తక్కువ రాస్తే రాసినవ్. నా చెయ్యెందుకు కోసినవే?"

జమున తల ఎత్తలేదు.

హనుమండ్లు ఆ చివరిదాకా పోయి, తిరిగి వస్తున్నాడు. కర్ర బాటను తాకీతాకనట్టు ఆడుతోంది. స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు ఉండేటంత నిటారుగా ఉన్నాడు. దగ్గరకు వచ్చి జమున ఎటుందో అడిగి అటు తిరిగాడు.

"మస్తున్నది చెల్లె. ఎన్నేండ్లాయె నేను ఒక్కన్ని నడిచి. మా దానికంటే మీదే అధ్వానమని కోమల చెప్పింది. మీకు రావుడే న్యాయం."

అప్పుడు జమున ఏడ్చింది. కోమల చూసింది గానీ ఓదార్చలేదు. ఓదార్చడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదు.

బస్టాండుకు పోవాలంటే రోడ్డు దాటాలి. బాట అంచు అక్కడితో అయిపోయింది. హనుమండ్లు కర్రతో ఆ అంచును కనుక్కుని ఆగాడు. కర్ర చంకలో పెట్టుకుని, అలవాటైన మనిషిలా గాలిలోకి చేయి చాపాడు.

"పద కోమలా, పట్టుకో. మన ఊరికి పోదాం."

కోమల పట్టుకుంది.