బొడ్డు మీద చార్మినార్

అత్తగారు ఉప్మా వద్దన్నప్పుడే మైథిలికి అనుమానం రావలసింది. అహల్యమ్మ తిండి వద్దనే మనిషి కాదు. ఏకాదశి నాడు కూడా ఉపవాసమని చెప్పి సగ్గుబియ్యం కిచిడీ రెండు మార్లు వడ్డించుకుని, "దేవునికి అంతా ఎరికే తియ్" అనే మనిషి. అలాంటిది ఆ ఉదయం ఒకసారి వాంతి చేసుకుని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"గ్యాసే. గంత పరేషాన్ ఎందుకు? జర వాము నీళ్లు ఇయ్యి," అంది.

వాము నీళ్లూ కడుపులో నిలవలేదు. భర్త శ్రీచరణ్ ఆఫీసుకు, కూతురు అభిజ్ఞ బడికి వెళ్లిపోయారు. ఇంట్లో అత్తాకోడళ్లిద్దరే.

కాకినాడ నుంచి శాలిబండకు కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా మైథిలి ఆవిడ పొట్ట ఒక్కసారీ చూడలేదు. అందులో వింత లేదు. కానీ ఎంత ఎండాకాలమైనా అహల్యమ్మ పొట్ట మీద గుడ్డ ఒక మడత ఎక్కువ ఉన్నట్టు కనిపించేది. పాత ధోవతి చింపిన పొడవాటి పట్టీ ఒకటి తనే ఉతుక్కుని, తన చీర చాటున ఆరేసుకునేది. మైథిలి చూసింది, మడి గుడ్డేమో అనుకుని ఊరుకుంది.

"ఒక్కసారి చూడనివ్వండి అత్తయ్యగారూ."

"ఏం జూస్తవ్? నా పొట్ట మీద సినిమా గిట్ల ఆడుతున్నదా?"

అని నవ్వబోయి, నొప్పికి మెలికలు తిరిగిపోయింది. మైథిలి ఇక అడగలేదు. చీర వదులు చేసింది. లోపల అదే పట్టీ, నడుము చుట్టూ బిగించి కట్టి ఉంది. ముడి విప్పగానే మడతలోంచి ఒక వెండి బిళ్ళ జారి పక్క మీద పడింది. నైజాం కాలం నాటి హాలీ రూపాయి. అది ఉన్న చోట, బొడ్డుకు కాస్త పైన, నిమ్మకాయంత ఉబ్బు. చర్మం నీలం తిరిగి మెరుస్తోంది. ఆ మెరుపు మీద చార్మినార్ అచ్చు పడి ఉంది, మినార్లూ కమానూ తెలిసేంత స్పష్టంగా.

"ఏమిటండీ ఇది?"

"బిళ్ళ." ఆ గొంతు తప్పు దొరికిపోయిన చిన్నపిల్లదిలా ఉంది. "శ్రీచరణ్ పుట్టినంక బొడ్డు బయటికొచ్చింది. మా అత్త జూసి, పసిపిల్లలకు కట్టినట్టే బిళ్ళ వెట్టి కట్టింది. పండుకుని ఒత్తితే లోపలికి వోతది. ఇయ్యాల పోతలేదు, మొండిది."

"ఆయనకు నలభై వస్తున్నాయి!"

"అవ్. వానితోటే ఇది గూడ పెరిగింది." అహల్యమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నా చేతుల బలం లేదు. నువ్వు అరచెయ్యి వెట్టి గట్టిగ ఒత్తు. లోపలికి వోయినంక కట్టు బిగించు. ఎవలకు చెప్పకు."

మైథిలి వేళ్లు ఆనించింది. వేడిగా, పచ్చి జామకాయలా గట్టిగా ఉంది. ఒత్తితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలియనిదాన్ని బలంతో సరిచేయడం ఆమె వల్ల కాదు. బిగుసుకున్న సీసా మూతనైనా కాసేపు పరీక్షగా చూసి గానీ తిప్పదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లేవండి, ఆసుపత్రికి వెళ్దాం."

"గింత దానికి దవాఖానా? మీ కాకినాడల అందరు గిట్లనే నాజూకా?"

"అందరూ ఇంతేనండీ. చెప్పులు వేసుకోండి."

ఆటో గుంటలో పడ్డప్పుడల్లా అహల్యమ్మ దేవుణ్ణీ మున్సిపాలిటీనీ కలిపి తిట్టింది. ఆసుపత్రి చేరేసరికి ఆ తిట్లు కూడా ఆగిపోయాయి. అప్పుడు మైథిలికి నిజంగా భయమేసింది.

సర్జన్ భాగ్యశ్రీ ఉబ్బును చూసి, అచ్చును చూసి, "చార్మినార్ కదమ్మా ఇది!" అంది. మరుక్షణమే ఆమె ముఖం మారింది. "ఎవరన్నా ఒత్తిన్రా దీన్ని?"

"నేను ఒత్తమన్న. ఇదే ఒత్తలే," అంది అహల్యమ్మ, కోడలి మీద ఫిర్యాదు చేస్తున్నట్టు.

"మంచి పని చేసింది. నీలం తిరిగినంక బలంగా ఒత్తితే పేగు లోపలే పగలొచ్చు."

నర్సులు సెలైన్ ఎక్కిస్తుంటే, డాక్టరు అహల్యమ్మ రొమ్ము ఎముక దగ్గర నుంచి పొత్తికడుపు దాకా వేలితో ఒక గీత గీసింది. "పొట్ట ముందు గోడ ఇటు సగం, అటు సగం. పక్కల మూడు పొరల కండరాలుంటయి, ఒక్కో పొర నారలు ఒక్కో దిక్కుకు పోతయి. ముందుకొచ్చేసరికి ఆ పొరలన్నీ తెల్లటి పట్టీలైతయి. నడుమనున్న నిలువు కండరాలకు ఒరలాగ చుట్టుకుని, ఈ గీత మీద ఇటువి అటువి ఒకదాంట్లో ఒకటి అల్లుకుంటయి. ఇక్కడ కండ ఉండదు, అల్లికే. కాన్పులకు సాగేది ఇదే. కడుపుల ఉన్నప్పుడు తల్లి నుంచి మనకు నెత్తురు వచ్చిన దారి బొడ్డు కాబట్టి, దాని చుట్టుపక్కల ఇంకా బలహీనం. అక్కడి సందులకెళ్లి పేగు బయటికొచ్చి మెడ బిగుసుకుంది. నెత్తురు అందకపోతే పేగు చచ్చిపోతది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలె."

"బిళ్ళతోటి ఇన్నేండ్లు ఆపిన గద బిడ్డా?"

"బిళ్ళ పైననే ఉన్నది తల్లీ. సందు లోపలున్నది."

స్ట్రెచర్ తలుపు దాటాక మైథిలి శ్రీచరణ్‌కు ఫోన్ చేసి, బెంచీ మీద కూర్చుంది. చీర చాటున తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. అభిజ్ఞ పుట్టాక వదులైపోయిందని, పైటతో కప్పుకోవడం తప్ప దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఊపిరికి లేచి పడుతూ ఉంటే, లోపల ఆ నారలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో అనిపించి వేళ్లు కదల్చలేకపోయింది. తన బిడ్డ అన్ని నెలలు దాన్ని లోపలి నుంచి తన్నింది. తను దానితోనే బియ్యం బస్తాలు జరిపింది. ఎదురుగా బురఖా ఆమె పిల్లాణ్ణి చంకకెత్తుకుని నడుస్తోంది. వార్డుబాయ్ వంగి ఆక్సిజన్ సిలిండర్ జరుపుతున్నాడు. ఒక ముసలాయన ఫోన్‌లో ఎవరినో గట్టిగా కేకలేస్తున్నాడు. వీళ్లందరి బట్టల కింద అదే అల్లిక. ఎవరూ దాని గురించి తలవడం లేదు, అది పని చేస్తూనే ఉంది.

శ్రీచరణ్ రొప్పుతూ వచ్చి, "అమ్మకు ఏమైంది?" అన్నాడు. జరిగినదంతా చెప్పింది. ఆయన ఆమె పక్కన కూలబడ్డాడు. "నాకెప్పుడూ చెప్పలే," అని మాత్రం అన్నాడు.

భాగ్యశ్రీ బయటికి వచ్చినప్పుడు మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"సందు అంచు కోసి వదులు చేసినం. పేగు వంకాయ రంగులో ఉన్నది. వేడి సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పి ఆగినం. అప్పుడు మా చేతుల ఏం ఉండదు, చూసుడే. గుడ్డ తీసేసరికి ఎరుపు తిరిగొస్తున్నది. తర్వాత పేగు దానంతటదే మెల్లగ పాకినట్టు కదిలింది." ఆమె వేలాడుతున్న మాస్కు తీసి జేబులో పెట్టుకుంది. "ఎన్నిసార్లు చూసినా ఆ టైంల థియేటర్‌లో ఎవ్వరం మాట్లాడం. ఇంచు కూడ కోసి తీసే పని పడలే. గోడ కుట్టేసినం."

సాయంత్రం వార్డులో అహల్యమ్మకు పూర్తిగా తెలివి వచ్చింది. గొంతులో గరగర. దగ్గాలని ఉంది, దగ్గడానికి భయం.

"కుట్లు పగులుతయేమోనే."

"దగ్గాలంట. చెయ్యి అదిమి పెట్టమంది నర్సు." మైథిలి కట్టు మీద అరచెయ్యి పరిచింది. ఇన్నేళ్లలో ఆ పొట్ట మీద ఆమె చెయ్యి నిదానంగా ఆనడం అదే మొదలు.

అహల్యమ్మ కళ్లు మూసుకుని దగ్గింది. మైథిలి చేతి కింద రెండు పక్కల నుంచీ ఏదో పరుగున నడిమికి వచ్చి, ఒక్కటై బిగుసుకుని, పైకి లేచి నిలబడింది. తర్వాత మెత్తగా దిగిపోయింది. ఏదీ బయటికి రాలేదు.

మైథిలి చెయ్యి తియ్యలేదు. "ఇంకొక్కసారి దగ్గండి అత్తయ్యగారూ," అంది చిన్నగా.

"ఏందే, తమాషానా నీకు?" అని కసురుకుని, అహల్యమ్మ కోడలి చేతి మీద తన చెయ్యి వేసి, మళ్లీ దగ్గింది.