"లేదు" గడిలో టిక్కు

ఆ సోమవారం నేను చేయవలసిన పనులు ఇవి. వెండెల్ ప్రూయిట్ గారి పాత డాక్టరు దగ్గర చెవి పరీక్ష కాగితాలు తెచ్చుకోవడం. ఆయన భార్య చేత వాంగ్మూలం రాయించడం. వినికిడి యంత్రానికి కొత్త బ్యాటరీలు కొనమని ఆయనకు గుర్తు చేయడం, లేకపోతే గురువారం విచారణలో జడ్జి మాట ఆయనకు వినపడదు. అన్నిటికంటే ముఖ్యం, 1991లో సైన్యం నుంచి బయటికొస్తూ నింపిన కాగితంలో "చెవి బాధ ఏమైనా ఉందా" అన్నచోట ఆయన "లేదు" అని ఎందుకు టిక్కు పెట్టారో తెలుసుకోవడం.

మొదటి మూడూ మధ్యాహ్నానికల్లా అయిపోయాయి.

మాది కెంటకీ కొండల్లో చిన్న ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. మాజీ సైనికుల తరఫున ఉచితంగా వాదించే ఆఫీసులో లాయరుగా చేరి రెండేళ్లయింది. గల్ఫ్ యుద్ధంలో ఫిరంగి పక్కన నిలబడ్డ వెండెల్ గారికి ముప్పై ఏళ్లుగా చెవుల్లో ఈల ఆగలేదు. వైకల్య పరిహారం కోసం పెట్టుకున్న అర్జీని ఆ టిక్కు చూపించే రెండుసార్లు కొట్టేశారు. ఈసారీ పోతే మళ్లీ వెళ్లే ఓపిక లేదని ఆయన ముందే చెప్పేశారు.

"అందరూ అలాగే పెట్టారమ్మా," అన్నారు వాళ్లింటి వరండాలో కూర్చుని. "ఉంది అంటే పరీక్షలకని పదిరోజులు ఆపేసేవాళ్లు. ఇంటికెళ్లాలని ఎవరికుండదు?"

"ఆ మాటే జడ్జితో చెప్పండి."

"ఏమని? సంతకం పెట్టి మరీ అబద్ధమాడాననా? ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని."

ఆయన భార్య మావిస్ గారు వంటగదిలోంచి అందుకున్నారు. "లోనీకి ఫోన్ చెయ్యమ్మా. ఈయన చెప్పడు."

"మావిస్, ఊరుకో."

"ముప్పై ఏళ్లు ఊరుకున్నా. చెత్త బయట పెట్టమంటే వినపడదు గానీ, ఇది మాత్రం బాగానే వినపడిందే."

లోనీ స్పైసర్ అదే ఫిరంగి జట్టు మనిషి. ఇప్పుడు పక్క రాష్ట్రం టెన్నెసీలో, ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. మంగళవారం పొద్దున ఫోన్ చేశాను. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఆ మొండోడు ఇంకా చెప్పలేదా?" అన్నాడు. "వాడు ముందు 'ఉంది' అనే పెట్టాడు. నా కళ్లతో చూశా. ఒక్కడి కాగితం ఆగితే జట్టు మొత్తం ఆగుతుందన్నాడు సార్జెంటు. మా ఆవిడకి నెలలు నిండాయి. 'ఒరేయ్ వెండెల్, నీ చెవులు ఎక్కడికీ పోవురా, నాకక్కడ బిడ్డ పుడుతోంది' అన్నా. వాడు వెంటనే ఇంకో కాగితం తెచ్చుకుని 'లేదు' అని పెట్టాడు."

"ఇది రాసి సంతకం పెడతారా?"

"పెడతా. నాలుగు రోజులకే కూతురు పుట్టింది. పక్కనే ఉన్నా. అది కూడా రాయిస్తా."

బుధవారం సాయంత్రం ఉత్తరం ఫ్యాక్సులో వచ్చింది. సంతకం వంకరగా ఉంది. మిగతా చేతిరాత ఆ కూతురిది.

గురువారం వీడియో విచారణలో తెర మీద జడ్జి గారు ఆ టిక్కు సంగతి అడిగారు. నేను ఉత్తరం చదివాను. చదవడం అయ్యాక జడ్జి గారు, "ఇది నిజమేనా, ప్రూయిట్ గారూ?" అన్నారు.

"నిజమేనండి. వాడి పేరు బయట పెట్టకూడదనుకున్నా. వాడేం తప్పు చేశాడని? తండ్రి కాబోతున్నాడు, అంతే."

పదకొండు రోజులకు లోనీ పోయాడు. వెండెల్ గారు వెళ్లి శవపేటికకు భుజం పట్టారు. తీర్పు ఆ తర్వాత ఆరు వారాలకు వచ్చింది. వినికిడి దెబ్బ సైన్యంలో తగిలిందేనని ఒప్పుకున్నారు, పరిహారానికి అడ్డు తొలగింది. ఆ ఉత్తరాన్ని నమ్ముతున్నామని రెండో పేజీలో ఉంది. తీర్పులో లోనీ పేరు లేదు, "తోటి సైనికుడు" అని మాత్రమే ఉంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ తోటి సైనికుడి పేరు లోనీ స్పైసర్. దయచేసి గుర్తుంచుకోండి.