సర్దార్ చూసిన గ్యాసు

మా ఆయన రఘుపతి మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. ఆయన లెక్కలో మనిషికి వచ్చే రోగం ఒక్కటే, గ్యాసు. తలనొప్పి గ్యాసు. మోకాలు పట్టేస్తే గ్యాసు. వరంగల్ హాస్టల్లో ఉన్న మా అమ్మాయి జమున ఫోన్ చేసి ఫిజిక్స్ పేపర్ పాడు చేసుకున్నానని ఏడిస్తే, పొద్దున్నే ఇడ్లీ తిని పోయి ఉంటది, గ్యాసు పట్టి ఉంటది అన్నాడు. పెళ్లయిన కొత్తలో నేను అలిగినప్పుడు కూడా సోడా తెచ్చిచ్చాడు.

పూర్తిగా తప్పు పట్టలేం. మేం తినే అన్నమే గ్యాసుది. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయిలో ఆయన సర్దార్. షిఫ్టు వాళ్లు పనిలోకి దిగకముందూ, పని నడుస్తుండగానూ దీపం పట్టుకొని లోపలి జాగలన్నీ చూసి వచ్చేది ఆయనే. దీపం మంట మీద నీలంగా టోపీ లాంటిది లేచిందంటే నిప్పంటుకునే గ్యాసు ఉన్నట్టు. అప్పుడిక మందిని బయటికి తియ్యాల్సిందే. ఆయన ఉన్నదంటే ఉన్నది, లేదంటే లేదు. మేనేజరైనా ఆ మాట మీద మాట అనడు. "నేను చూసింది తప్పు" అని ఆయన అనగా బాయిలో ఎవరూ వినలేదు. ఇంట్లో అసలే వినలేదు.

నేను కరీంనగర్‌లో బీయస్సీ జువాలజీ చదివాను. రికార్డులో నేను వేసిన గుండె బొమ్మను మా మేడం క్లాసంతా తిప్పి చూపించింది. ఆ తర్వాత ఆ బొమ్మతో ఎవరికీ పని పడలేదు. మేనత్త కొడుకే కదా అని రఘుపతి బావకిచ్చి చేసి, కంపెనీ క్వార్టర్లో దింపి పోయారు. ఫస్ట్ షిఫ్టు వారం పొద్దున్నించీ నేనొక్కదాన్నే. నైట్ షిఫ్టు వారం ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటాడు, నిద్రలో. ఒంటరితనం ఆ వారమే ఎక్కువ. గిన్నె కింద పెట్టాలన్నా మెల్లగా, టీవీ పెట్టినా సప్పుడు లేకుండా. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గని దిక్కు బ్లాస్టింగ్ అయినప్పుడు అల్మారాలో గ్లాసులు గలగలమంటాయి. పగటిపూట మా ఇంట్లో గొంతెత్తి మాట్లాడేవి ఆ గ్లాసులూ, కుక్కరూ.

మెలకువగా ఉన్నప్పుడైనా ఆయనతో మాట కలపాలంటే దారి ఒక్కటే, బాయి. పక్కింటి పెళ్లి సంగతి చెప్తే ఊఁ అంటాడు. లోపలికి గాలి ఎట్లా పోతుందని అడిగితే కంచం పక్కకు జరిపి మరీ చెప్తాడు. మంచి గాలి దిగే దారి ఇంటేకు. లోపలంతా తిరిగి పాడైన గాలి పైకి పోయే దారి రిటర్ను, దాని కొసకు పెద్ద ఫ్యాను. రెండూ కలవకుండా నడుమ తలుపులు. అన్నీ నేర్చుకున్నాను. మొగునితో మాట్లాడాలనుంటే ఏదో ఒక భాష నేర్వాలి కదా.

సకల జనుల సమ్మెలో బాయిలు బందయి ఆయన పగటిపూట మెలకువతో ఇంట్లో ఉన్నాడు. మాకిద్దరికీ అది కొత్త. మార్కెట్ నుంచి సంచి మోసుకొస్తే ఆయనకు ఛాతీ మీద రాయి పెట్టినట్టు అవుతుందనీ, కాసేపు నిలబడితే పోతుందనీ అప్పుడే నాకు తెలిసింది. రోగం పేరు మాత్రం నేను అడగకుండానే చెప్పాడు.

మర్నాడు పొద్దున వాకిట్లో ముగ్గుపిండితో గుండె వేశాను. ఎడమ గదుల్లో ఎర్ర జాజు నింపాను, కుడి గదుల్లో బట్టల నీలిమందు. పొరుగింటి సారక్క గోడ మీంచి తొంగి చూసి ఇదేం పండుగ ముగ్గే అని అడిగింది. మా ఆయన పండుగ అన్నాను.

ఆయన్ని గడప మీద కూర్చోబెట్టి, గుండె కూడా బాయే బావా అని మొదలుపెట్టాను. ఒళ్లంతా తిరిగి పాడైన రక్తం కుడి గదుల్లోకి వస్తుంది, అది నీ రిటర్ను. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోయి, మంచిగాలి పట్టుకొని ఎడమ గదుల్లోకి వస్తుంది. ఎడమ దిక్కు కింది గది గోడలు మందం. అది పిండితే రక్తం పెద్ద ధమనిలో పడి కాలి గోటి దాకా పోతుంది. పోను పోను దారులు సన్నబడి, వెంట్రుక కన్నా సన్నమై, ఆ కొసన గాలి దింపేసి సిరల్లోంచి మళ్లీ వెనక్కి. గదికీ గదికీ నడుమ తలుపులు, ఒక్క దిక్కే తెరుచుకుంటాయి. చెవి పెట్టి వింటే వచ్చే లబ్‌డబ్ ఆ తలుపులు మూసుకునే సప్పుడే.

అంతసేపు ఆయన నా మాట వినడం అదే మొదలు. నాకు సంతోషమైంది. అప్పుడు వేలు పెట్టి చూపించాడు. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయేది ధమని అంటున్నవ్, దాంట్లో నీలం పోసినవ్, ధమని అన్నంక మంచి రక్తం కాదా అన్నాడు. గుండె నుంచి బయటికి పోయేదల్లా ధమని, గుండెలోకి వచ్చేదల్లా సిర, పేరు పోయే దిక్కును బట్టే గానీ మంచీ చెడును బట్టి కాదన్నాను. ధమని అంటే ఇంటేకే, ఇంటేకు అంటే మంచి గాలే, రంగు తప్పు పోసినవ్ అని తేల్చి లేచిపోయాడు. సమ్మె అయిపోయాక బాయి క్యాంటీన్లో, మా ఆమె చదివిన పుస్తకంలో అచ్చు తప్పున్నదని చెప్పాడట. ఆయన కింద పనిచేసే ఎల్లన్న ఇంటికొచ్చి నవ్వుతూ నాకు అప్పజెప్పాడు.

ఆ రోజు మా ఆయన అసలు సంగతి వినకుండానే లేచిపోయాడు. తన గదుల్లోంచి ఎంత రక్తం పారినా గుండె దాంట్లోంచి చుక్క తాగదు. పెద్ద ధమని మొదట్లోనే రెండు కొమ్మలు చీలి, వెనక్కి తిరిగి గుండె మీదే తీగలా అల్లుకుంటాయి. దాని తిండి వాటి నుంచే. అదీ పిండేటప్పుడు కాదు, ఎక్కువగా సడలిన ఆ కాస్త సేపట్లోనే. ఆ కొమ్మ పూడితే అంతమేర కండ చచ్చిపోతుంది. ఇదంతా ముగ్గుకు చెప్పి, సాయంత్రం చీపురు తీసుకొని ఊడ్చేశాను. ఆయనకు పెట్టి, ఆయన పడుకున్నాక ఒక్కదాన్నే పళ్లెం ముందు కూర్చున్నప్పుడు అది గుర్తుకొచ్చేది. గుండెకైనా రెండు కొమ్మలున్నాయి అనుకునేదాన్ని.

ఆ మరుసటి ఎండకాలం. ఫస్ట్ షిఫ్టు దిగి వస్తే గుమ్మంలోనే బూట్లు విడిచి నీళ్లకు కేకెయ్యడం ఆయన అలవాటు. ఆ రోజు గేటు సప్పుడైంది గానీ కేక రాలేదు. పోయి చూస్తే గడప మీద బూట్లతోనే కూర్చుని ఉన్నాడు. అంగీ తడిసి ఒంటికి అతుక్కుంది. మా ఊరి ఎండలకు చెమట పట్టనిదెవరికి? కానీ చెయ్యి పట్టుకుంటే కుండలో నీళ్లలాగా చల్లగా తగిలింది. రెండో చేత్తో ఎడమ దవడ నొక్కుకుంటున్నాడు. పన్ను గుంజుతున్నదనీ, గ్యాసు కూడా పట్టిందనీ, సోడా తెప్పియ్యమనీ చెప్పాడు.

గుండె నొప్పి దవడలోనూ చేతిలోనూ వచ్చి కూర్చుంటుందని నేను చదివిందే. సారక్కను ఆటో తెమ్మని అరిచాను. ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ఆయన లేవలేదు. సమ్మెప్పుడు నేను గుండె ముగ్గు వేసిన జాగలోకే చూస్తూ కూర్చున్నాడు. బతిమాలొచ్చు, ఏడవొచ్చు. రెండూ నాకు గ్యాసు పట్టే చేస్తున్నాననుకుంటాడు. కింద కూర్చుని ఆయన మొహంలోకి చూశాను.

"బావా, ఇది గ్యాసేనా?"

"గ్యాసే."

"సర్దార్‌వయి చెప్తున్నవా?"

"ఆఁ."

"గ్యాసున్నదని సర్దార్ అన్నంక ఏం చెయ్యాలె?"

"మందిని బయటికి తియ్యాలె," అన్నాడు, అలవాటు కొద్దీ.

"కొంచెమే ఉన్నదిలే అని కూసుంటరా?"

ఆయన కళ్లు నా మీదికి తిరిగాయి. "కూసోరు."

"మరి లే. బయటికి నడువు."

ఆయనకు కోపం వచ్చింది, నవ్వు కూడా రాబోయింది, నొప్పి రెంటినీ మింగేసింది. చెయ్యి చాచాడు. నేను, సారక్క, ఆటో అతను కలిసి నడవనీయకుండా ఎత్తి కూర్చోబెట్టాం.

దారంతా ఆయన మణికట్టు పట్టుకునే ఉన్నాను. నాడి చూస్తున్నాననుకున్నాడు. చూస్తూనే ఉన్నాను. ఒకసారి కొట్టుకుని ఆగి, రెండుసార్లు గబగబా పరుగెత్తేది. పెళ్లయ్యాక నలుగురి ముందు బజార్లో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, అందుకని నాడి దొరికాక కూడా విడవలేదు.

దవాఖానలో ఆయన్ని లోపలికి తీసుకుపోయి తలుపు మూశారు. కృష్ణప్రియ అనే డాక్టరమ్మ, కోస్తా పిల్ల, కాగితం మీద గీతలు చూపించి గుండె మీది ఒక నాళం పూడిందండీ, గడ్డ కరిగే మందు ఎక్కిస్తున్నాం అంది. బతుకుతాడా అని అడిగాను. రేపటిదాకా ఏమీ చెప్పలేనంది.

షిఫ్టు మారినప్పుడు బాయి మనుషులు వచ్చారు. ఫికర్ చెయ్యకు అక్కా అన్నారు, కాసేపు నిలబడ్డారు, పోయారు. సారక్క వాళ్లింట్లో వంట చూసుకొని వస్తానని పోయింది. బల్ల మీద నేనూ, ఆయన బూట్లూ మిగిలాం. ఇంట్లో ఎంత ఒంటరిగా ఉన్నా ఎప్పటికో అప్పటికి షిఫ్టు దిగి వస్తాడని ఉండేది. ఇది ఏ షిఫ్టో, ఎప్పుడు దిగుతాడో చెప్పేవాళ్లు లేరు. నా ఛాతీ మీద నేనే చెయ్యి పెట్టుకున్నాను. తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. దానికేమీ తెలియదు పాపం.

తెల్లారి డాక్టరమ్మ వచ్చి గండం గడిచినట్టే అంది. తర్వాత నవ్వు ఆపుకుంటూ, మీ ఆయన కళ్లు తెరవగానే ఏమడిగారో తెలుసా, ధమనిలో చెడు రక్తం పోతదా మేడమ్ అన్నారు అంది. ఏం చెప్పావమ్మా అన్నాను. పోతుంది, ఊపిరితిత్తులకు పోయే దానిలో అని చెప్పానండీ, అప్పట్నుంచి మాట్లాడటం లేదు అంది.

లోపలికి పోయాను. ఒంటి నిండా వైర్లు. దుప్పటి కొసలు సర్దుతూ నిలబడ్డాను. ఇంతలో ఎల్లన్న వచ్చాడు. మంచం పక్కన కొబ్బరిబోండాం పెట్టి, ఆయనకు ధైర్యం చెప్పాలని కాబోలు, ఉత్త గ్యాసే అయ్యుంటది సర్దార్, వదినె చదువుకున్నామె గదా, ఊకె భయపడ్డది అన్నాడు.

ఆయన ఊఁ అంటే చాలు, ఆ మాట సాయంత్రానికల్లా బాయిలోకి దిగేది. నేను దుప్పటి మీంచి తల ఎత్తలేదు.

మంచం పక్కన గుండె మిషన్ తెర మీద పచ్చగీత లేస్తూ పడుతూ పోతోంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు, దీపం మంటను చూసినట్టు. తర్వాత వైర్లున్న చెయ్యి కొంచెం జరిపి నా చేతిని వెతుక్కున్నాడు.

"గ్యాసు కాదు ఎల్లన్నా," అన్నాడు. "నేను చూసింది తప్పు."