తొమ్మిదేళ్ల పెద్దమనిషి

బేకరీ మాస్టరుకు కూతురంటే ప్రాణం. తల్లి లేని పిల్ల. బడి వదలగానే బేకరీకే వచ్చేది. తండ్రి పొయ్యిలోకి ట్రేలు తోస్తుంటే స్టూలు మీద కూర్చుని వేడి బన్నులు లాగించేది. పిల్ల అడిగింది కాదనడం అతనికి చేతకాదు. రెండేళ్లలో గుండ్రంగా తయారైంది. పనివాళ్లంతా ముద్దుగా బన్ను అని పిలిచేవారు. వారానికి రెండు రోజులు పొద్దున్నే ఈత నేర్చుకోవడానికి వెళ్లేది.

తొమ్మిదేళ్లు నిండిన కొన్నాళ్లకు, ఒక ఉదయం బాత్రూంలోకి వెళ్లిన పిల్ల ఎంతకీ బయటికి రాలేదు. బతిమాలగా బతిమాలగా గడియ తీసి, రక్తం వస్తోందని, చచ్చిపోతానేమోనని వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టరు పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. పక్క వీధిలో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు.

మేనత్త వచ్చి, పిల్లకు చెప్పాల్సింది చెప్పి ఊరుకోబెట్టింది. పెద్దమనిషి అయింది కాబట్టి ఇక ఈతకు పంపొద్దని తమ్ముణ్ణి హెచ్చరించింది. ఆ మాటలు నడుస్తుండగా పెద్దమనిషిగారు మంచం మీద బొమ్మకు జడ వేస్తున్నారు. అది చూసి మాస్టరుకు గుండె తరుక్కుపోయింది.

మర్నాడే డాక్టరమ్మకు చూపించాడు. ఆవిడ పరీక్షలు చేయించి, భయం లేదంది. చిన్నతనంలో బరువు పెరిగితే కొందరు ఆడపిల్లలకు ఇది ముందే రావచ్చని, అయితే అదొక్కటే కారణమని చెప్పలేమని వివరించింది. తన బన్నులే ఇంత పని చేశాయా అని అతను తల దించుకున్నాడు.

"తప్పెవరిదని తవ్వుకుంటూ కూర్చోకండి. పస్తులుంచొద్దు, ఆటలు మాన్పించొద్దు. ఒళ్లు తొందరపడింది గానీ, అది ఇంకా చిన్నపిల్లే," అంది డాక్టరమ్మ.

బన్నులు తగ్గాయి. ఈత ఆగలేదు. మేనత్త మూతి ముడుచుకుంది. ఈత క్లాసు పిల్లలు ఆమె ఒళ్లు చూసి 'అత్తగారు' అని పేరు పెట్టారు. ఇష్టం లేకపోతే మానెయ్యమ్మా అని తండ్రి అంటే, నీళ్లలో తను బరువే ఉండనని చెప్పింది పిల్ల.

ఆరు నెలలకు, పదేళ్లలోపు పిల్లల ఈత పోటీలు వచ్చాయి. కొలను గట్టు మీద వరుసలో బన్ను అందరికంటే ఒక తలంత పొడుగు. ఇది పదేళ్లలోపు పిల్లంటే నమ్మమంటారా అని అవతలి జట్టు కోచ్ అడ్డం తిరిగాడు. మాస్టరు మెట్లు దిగి పరుగున వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే పిల్ల ముందుకొచ్చింది.

"నాకు తొమ్మిదేళ్లే అంకుల్. నా ఒళ్లు కొంచెం ముందే పెరిగింది. కొందరికి అలా అవుతుందట."

ఎవరూ నవ్వలేదు. వయసు ముందే సరిచూశామంటూ రిఫరీ విజిల్ ఊదాడు.

సగం దూరం దాకా ఆమె మూడో స్థానంలోనే ఉంది. తర్వాత ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, అందరికంటే ముందు గోడ తాకింది. మూతి ముడుచుకునే పోటీ చూడ్డానికి వచ్చిన మేనత్త బెంచీ ఎక్కి, అది మా మేనకోడలని పక్కవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టింది. మాస్టరు మాత్రం కళ్లు తుడుచుకోవడంలో మునిగిపోయాడు.

పతకం మెడలో పడ్డాక, అవతలి జట్టు పిల్ల ఒకతి బన్ను పక్కకు చేరి చెవిలో ఏదో చెప్పింది. తనకూ అలాగే ముందే మొదలైందట, ఇంట్లో చెప్పడానికి భయమట. బన్ను ఆమె చెయ్యి పట్టుకుని తిన్నగా మేనత్త దగ్గరికి నడిపించింది.

"అత్తా, నాకు చెప్పినట్టే దీనికీ చెప్పు. ఈత మానెయ్యమని మాత్రం చెప్పకు."