కుళాయి కింద గది

నిమ్మరసం మామ బండి అద్దం భళ్లున పగిలింది.

"ఊరికి విషం పోసి ఇంకా ఇక్కడే నిలబడ్డావా?" గుంపులోంచి ఎవరో అరిచారు.

జిల్లా ఆరోగ్యాధికారిణి జీపు దిగేసరికి ఆఫీసు గేటు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఎదురుగా ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. వాంతులు, విరేచనాలు. పొద్దున్నే ఇద్దరు పోయారు. పడకేసినవాళ్లలో ఎక్కువమంది మామ దగ్గర నిమ్మరసం తాగినవాళ్లే.

మామ ఊరందరికీ మామే. ఆ అధికారిణికి మాత్రం సొంత మేనమామ.

"మేడమ్, ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్లాలి. మీరు వెనకేసుకొస్తున్నారని అంటున్నారు," అన్నాడు ఎస్సై.

"గంట ఆగండి. అప్పటికీ ఏమీ తేలకపోతే నేనే జీపెక్కిస్తాను."

"ముందు సీట్లో ఎక్కించవే తల్లీ, వెనకైతే నాకు కళ్లు తిరుగుతాయి," అన్నాడు మామ, పగిలిన గాజు పెంకులు ఏరుతూ.

ఆమె ఆసుపత్రి వరండాలోకి నడిచింది. గోడవార చాప మీద ఆఫీసు పాత డ్రైవరు ముడుచుకుని ఉన్నాడు.

"నువ్వూ మామ బండి దగ్గరే తాగావా?"

"నాకు షుగరు కదమ్మా. ఆ బండి వంక చూశానంటే మా ఆవిడ వీపు విమానం మోత మోగిస్తుంది."

"మరి ఏం తాగావు?"

"ఏముందీ, మన ఆఫీసు కుళాయి నీళ్లే. రిటైరైనా ఆ రుచి వదల్లేదు."

ఆమె గిరుక్కున ఆఫీసు వైపు తిరిగింది. మామ బిందె నింపుకునేదీ ఆ కుళాయి దగ్గరే.

ఆ ఊళ్లో ఆరోగ్య శాఖ కంటే కుళాయికే వయసెక్కువ. ఒకప్పుడు విషజ్వరం వీధులకు వీధుల్ని ఊడ్చేస్తుంటే, ఒక వైద్యుడు, ఒక మంత్రసాని, కొందరు తాపీమేస్త్రీలు కలిసి ఇక్కడ బావి తవ్వారు. దాని చుట్టూ నేల కింద గది కట్టి, పైన కుళాయి పెట్టారు. కుళాయి పక్కన ఒక బల్ల వేసి రోగుల్ని చూశారు. ఆ బల్లే పెరిగి పెరిగి ఈ శాఖ అయింది. ఇప్పటికీ ఊరి నీళ్లు పరీక్షకు తేవడానికి వెళ్లే సిబ్బంది, ముందు ఆ కుళాయి దగ్గర దోసెడు తాగందే గేటు దాటరు.

"అక్కా, మన కుళాయి నీళ్లు ఎప్పుడు పరీక్ష చేశారు?" ల్యాబ్‌లోకి వెళ్తూనే అడిగింది.

ల్యాబ్ అక్క నవ్వబోయి ఆగింది. "మన కుళాయా? తూకంరాయిని ఎవరైనా తూస్తారా డాక్టరమ్మా?"

హెల్త్ ఇన్‌స్పెక్టరు కుళాయికి గోనెపట్టా చుట్టి కట్టేశాడు. గేటు బయట గోల రెట్టింపయింది. "మామని తప్పించడానికి కుళాయి మీద నింద వేస్తారా!"

కుళాయి పక్కన నేలలో ఉన్న తలుపు తీసి, ఆమె టార్చి పట్టుకుని మెట్లు దిగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ తలుపు తీయడం అదే మొదటిసారి.

దిగి, ఊపిరి పీల్చడం మరిచిపోయింది.

నేల కింద ఇంత పెద్ద గదా! ఇటుక కమానులు ఒకదాని వెనక ఒకటి చీకట్లోకి సాగిపోతున్నాయి. ఒక్క ఇటుకా పక్కకు జరగలేదు. సున్నంలో మేస్త్రీల వేలిముద్రలు నిన్న నొక్కినట్టున్నాయి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, గాలి ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో కనబడలేదు. తమ పిల్లల్ని కాటికి మోసిన చేతులు, ఇంకెవరి పిల్లలూ పోకూడదని కట్టిన గది. ఆమె చేయి తనకు తెలియకుండానే గోడను తాకింది.

ఈ నీళ్లా మనుషుల్ని చంపింది?

ఈ గోడకు అవతలే నిరుడు శాఖ కట్టించిన కొత్త మరుగుదొడ్లు ఉన్నాయి.

"అక్కా! పైన మరుగుదొడ్లలో ఆకుపచ్చ రంగు నీళ్లు పొయ్, ఇటు దిగుతాయేమో చూద్దాం!" పైకి కేకేసింది.

టార్చి వెలుగు గోడ మీదే నిలిపింది. చాలాసేపు ఏమీ లేదు. తన అనుమానం తప్పయితే బాగుండునని ఒక పక్క, తప్పయితే మామ గతేమిటని ఇంకో పక్క.

అంతలో రెండు ఇటుకల మధ్య తడి మెరిసింది. ఆకుపచ్చటి దారం ఒకటి సన్నగా జారి నీళ్లను తాకింది. తాకి, పొగలా విచ్చుకుంది. ఆ తేటదనమంతా ఆమె కళ్ల ముందే పచ్చబడింది. అంత భయంలోనూ చూపు తిప్పుకోలేకపోయింది.

పైకి వచ్చేసరికి ఎస్సై మామ భుజం మీద చేయి వేసి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆమె చెవి దగ్గరికి వంగాడు. "మేడమ్, పైవాళ్లతో మాట్లాడాక చెబుదాం. వందేళ్ల పేరు మంటగలిసిపోతుంది."

"ఆ పేరు తెచ్చినవాళ్లు దాచిపెట్టి తెచ్చారా?"

ఆమె జీపు మైకు అందుకుంది.

"ఆయన్ని వదలండి. ఆ కుళాయి నీళ్లు ఎవరూ తాగకండి, ఇంట్లో పట్టి ఉంచినవి పారబోయండి. మేం కట్టించిన మరుగుదొడ్ల మురుగు అందులోకి దిగుతోంది. ఊరికి ఈ రోగం తెచ్చింది మామ కాదు. మా ఆరోగ్య శాఖ."