బొమ్మ వణికిన రోజు

“నువ్వు ఇవాళ స్టేషన్‌కి రాకపోతేనే మంచిది” అన్నాడు భర్త, ఆమె అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, “ఎందుకని?” అంది.

“అమ్మని కళ్లాసుపత్రికి తీసుకెళ్లాలి కదా. పైగా నువ్వక్కడుంటే తనిఖీకొచ్చే ఆఫీసరు ప్రశ్నలన్నీ నిన్నే అడుగుతాడు. నేను పక్కన దిష్టిబొమ్మలా నిలబడాలి. చూసేవాళ్లకేం బాగుంటుంది?”

అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది వచ్చే వారం. నిన్న సాయంత్రం అతనే ఫోన్ చేసి దాన్ని ఇవాళ్టికి జరిపించాడు. ఆ సంగతి ఆమెకి ఆసుపత్రి నుంచి వచ్చిన మెసేజ్ చూస్తే గానీ తెలియలేదు. ఒళ్లు మండింది. ప్యాంటు కూడా ఇస్త్రీ చేసిచ్చింది.

వాళ్లిద్దరూ పనిచేసేది ఒక చిన్న టీవీ స్టేషన్లో. రెండు పాత కెమెరాలు, వార్తలు చదివే గది, వెనకాల ఎప్పుడూ చల్లగా ఉండే మెషీన్ల గది. ఆ వెనక గదిలో ఆమెకి పదకొండేళ్లు గడిచాయి. స్టేషన్‌కి వచ్చే వీడియోల్లో ఏ రెండూ ఒక తీరున ఉండవు. ఎవరో ఫోన్లో నిలువుగా తీసిన వరద, ఏ కాలం నాటిదో తెలియని టేపు, మున్సిపాలిటీ నుంచి తీగ మీద వచ్చే సమావేశం. అన్నిటినీ ఒక్క తీరుకి మార్చి, ఎన్‌కోడర్ అనే మెషీన్లో కుదించి, ప్రసారాల టవర్‌కి అందించడం ఆమె పని. ఇంట్లో వంటకీ దీనికీ పెద్ద తేడా లేదని ఆమెకెప్పుడో అర్థమైంది. కుదిరిన రోజు ఎవరికీ గుర్తుండదు, ఉప్పెక్కువైన రోజు అందరూ అంటారు. ఆమె, భర్త ఒకే డిప్లొమా, ఒకే క్లాసు. అతని ల్యాబ్ రికార్డులన్నీ ఆమె రాసినవే. ఉద్యోగంలో మాత్రం అతను ఇంజనీరు, ఆమె సహాయకురాలు. స్టేషన్లో అందరికీ వదిన. “వదినా, బొమ్మ రావట్లేదు” అనే నోటితోనే “వదినా, టీ ఏమైనా ఉందా” అంటారు.

చిన్న స్టేషన్లన్నీ కొత్త ప్రసార పద్ధతిలోకి మారాలని మూడు నెలల క్రితం ఉత్తర్వు వచ్చింది. కొత్త ఎన్‌కోడర్ కొన్నారు. దాన్ని పెట్టెలోంచి తీసిన దగ్గర్నుంచి టవర్ దాకా నడిపించింది ఆమె ఒక్కతే. ఆఫీసరు వచ్చి చూసి సరేనంటేనే లైసెన్సు నిలుస్తుంది. ఆ లైసెన్సు దరఖాస్తులో ‘సాంకేతిక బాధ్యులు’ అని ఒక గడి ఉంది. అందులో ఎవరి పేరుంటే రేపట్నుంచి వాళ్లే ఆ విభాగానికి పెద్ద. దరఖాస్తంతా నింపింది ఆమె, ఆ ఒక్క గడీ తప్ప. తన పేరు తనే రాసుకుంటే బాగుండదనుకుంది. మేనేజరు కలం తీసి ఆమె కళ్లముందే భర్త పేరు రాశాడు. “పేరు ఎవరిదైతే ఏముందమ్మా, తిరిగి తిరిగి మీ ఇంటికే కదా వచ్చేది” అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. మేనేజరు మీదా భర్త మీదా ఎంత కోపముందో, ఆ నవ్వు నవ్వినందుకు తన మీద తనకి అంతకన్నా ఎక్కువ ఉంది.

కళ్లాసుపత్రిలో నర్సు అత్తగారి కళ్లలో మొదటి విడత చుక్కలు వేసి, “ఇంకో రెండుసార్లు వేయాలి. గంటన్నర పడుతుంది. పెద్దావిణ్ని ఒంటరిగా వదలొద్దు, పక్కన ఎవరో ఒకరుండాలి” అని చెప్పి వెళ్లింది. ఎదురుగా గోడమీద టీవీ. పెట్టింది వాళ్ల స్టేషనే. వార్తలు చదివే అమ్మాయి కాగితం తిప్పింది.

“ఏమే” అంటూ అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. “నా కళ్లు పూర్తిగా పోయాయే. ఆ చదివే పిల్ల గజగజలాడిపోతోంది.”

ఎదుటి కుర్చీలో ముసలాయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. లాభం లేదు. ఇంకొకావిడ లేచి వెళ్లి, “అమ్మా, నాకు పొరపాటున ఎక్కువ చుక్కలు వేశారా?” అని నర్సుని నిలదీసింది. కళ్లు బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లందరూ ఒక్కసారిగా కళ్లు నులుముకుంటున్నారు. ఆమెకి నవ్వు ఆగలేదు. ఆ వెంటనే తెర వైపు పరీక్షగా చూసింది.

ఆ వణుకు ఏమిటో ఆమెకి బాగా తెలుసు. స్టేషన్లోని పాత కెమెరాలు ఒక్కో బొమ్మనీ రెండు సగాలుగా పంపుతాయి. సరి గీతలు ఒక విడత, బేసి గీతలు ఒక విడత. ఏ సగం ముందొస్తుందో ఎన్‌కోడర్‌కి మనం చెప్పాలి. తారుమారుగా చెబితే కదలని బొమ్మలో తప్పేమీ కనిపించదు. కదిలేదల్లా ముందుకీ వెనక్కీ వణికిపోతుంది. అది పట్టుకోవడానికి ఆమెకి తొమ్మిది రోజులు పట్టింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే కెమెరా ముందు నిలబడి ఒక గుడ్డ ఊపి చూసేది. “వదిన జనానికి టాటా చెబుతోంది” అని కుర్రకారు నవ్వేవాళ్లు. “ఇంట్లో దులిపింది చాలక ఇక్కడ కూడానా” అని అందరికన్నా గట్టిగా నవ్వింది భర్తే.

ఫోన్ మోగింది. అతనే.

“బొమ్మ వణుకుతోంది. ఆఫీసరు వచ్చేశాడు, మేనేజరు గదిలో టీ తాగుతున్నాడు. ఏం నొక్కాలో చెప్పు, త్వరగా.”

“నిన్న సాయంత్రం నేను సరిగ్గానే పెట్టొచ్చాను. ఎవరు ముట్టుకున్నారు?”

అతను గొంతు తగ్గించాడు. “మొదటి స్క్రీన్ మీద నీ పేరు వస్తోంది. ‘అమర్చినవారు’ అని. ఆఫీసరు చూస్తే ఏమనుకుంటాడు? తీసేద్దామంటే పోలేదు. అన్నీ మొదటికి తెచ్చే బటన్ నొక్కాను. మళ్లీ నువ్వు పద్ధతంతా రాసిపెట్టుకున్న పుస్తకం చూసి అన్నీ పెట్టాను. పువ్వు ఫోటో వేసి చూశాను, బ్రహ్మాండంగా వచ్చింది.”

“గుడ్డ ఊపి చూసి ఏ సగం ముందో పెట్టమని అందులో రాశాను. ఊపారా?”

“ఆఫీసరు వచ్చే వేళకి గుడ్డలూపుతూ కూర్చోనా? చెప్పవేం?”

చెప్పడానికి ఒక్క మాట. నొక్కడానికి నాలుగు సెకన్లు. పదకొండేళ్లుగా ఆమె చెబుతూ వచ్చినవన్నీ ఇలాంటి ఒక్క మాటలే. తలుపు చాటు నుంచి చెప్పింది, చీటీ మీద రాసి టీ కప్పు కింద పెట్టి పంపింది, జ్వరంతో పడుకుని ఫోన్లో చెప్పింది. ప్రతిసారీ ఆ మాట అతని నోటికి చేరేసరికి అతనిదైపోయేది. ‘మా ఆవిడకి మెషీన్లంటే సరదా’ అనేవాడు నలుగురిలో. సరదా! రాత్రిళ్లు కూతుర్ని జోకొడుతూ మాన్యువల్ చదివింది సరదాకా? పేరు రాయలేదు సరే, రాయలేదు. ఒక మెషీన్ లోపల, ఎవరూ చూడని చోట, రెండు సెకన్లు కనిపించే అక్షరాలు కూడా అతనికి కంట్లో నలుసయ్యాయి. వాటిని చెరపడానికి మూడు నెలల పనిని తుడిచిపెట్టేశాడు. ఆమెకి కోపంతో చెవులు వేడెక్కాయి. అణుచుకోవాలని ఈసారి అనిపించలేదు.

“ఫోన్ ఆఫీసరు గారికివ్వండి. ఆయనకే చెబుతాను” అంది.

“పిచ్చెక్కిందా? నా పరువేం కాను? అన్నీ ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం, ముందు అదేదో చెప్పి చావు.”

ఆమె ఫోన్ పెట్టేసింది.

అత్తగారు అంతా వింది. “చెప్పేయవే తల్లీ. మొగుడి పరువు పోతే నీది పోయినట్టు కాదూ?”

“పేరొచ్చినప్పుడు ఆయన ఒక్కరిదీ, పరువు పోయినప్పుడు ఇద్దరిదీనా అత్తయ్యా?”

“నాకేం తెలుసమ్మా మీ గొడవలు” అని అత్తగారు కొంగుతో చెంప మీద కారిన చుక్కలు తుడుచుకుంది.

మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి మేనేజరు. గొంతులో తేనె కారుతోంది. “అమ్మా, లైసెన్సు పోతే స్టేషన్ మూతపడుతుంది. అందరం రోడ్డున పడతాం. నువ్వు కూడా.”

అది నిజమే. ఆమెకి భయం వేసింది. అయినా వెనక్కి తగ్గలేదు. “దరఖాస్తులో ఆ గడి మార్చండి. మార్చి ఆఫీసరు గారి చేతికిచ్చి, ఫోన్ కూడా ఆయనకివ్వండి.”

“ఇప్పుడా? కొట్టేసి రాస్తే చూడ్డానికేం బాగుంటుందమ్మా?”

“బాగుండకపోయినా పర్వాలేదు. కొట్టేయండి.”

అవతల గుసగుసలు. భర్త గొంతు ఒకసారి లేచి, తగ్గింది. ఎదుట టీవీలో వార్తల అమ్మాయి మాయమై తెర నిండా ఎర్రటి పువ్వు వచ్చింది. కదలని పువ్వు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. “హమ్మయ్య, కళ్లొచ్చాయి” అంది అత్తగారు.

పువ్వు అలా ఉండగానే ఫోన్లో కొత్త గొంతు పలికింది. “నమస్తేనమ్మా. నేను తనిఖీకి వచ్చిన ఆఫీసర్ని. ఇక్కడ ఒక పేరు కొట్టేసి మీ పేరు రాసిచ్చారు. ఈ ఎన్‌కోడర్ అమర్చింది మీరేనా?”

“నేనేనండీ. మొదటి నుంచీ నేనే.”

“మరి ఎంతసేపట్లో రాగలరు?”

“పావుగంటలో వచ్చి సరిచేస్తాను. కాకపోతే మా అత్తయ్యకి కళ్లలో చుక్కలు వేశారు, పక్కన మనిషి ఉండాలి. అక్కడ కొట్టేసిన ఆ పేరు ఆవిడ కొడుకుదే. ముందు ఆయన్ని ఇక్కడికి పంపించండి, ఆయన రాగానే నేను బయల్దేరతాను.”