వంతెన దగ్గర మూడు శనివారాలు

ఎడ్నా గారు పాచిక వెయ్యబోతుంటే కిప్ ఆవిడ చేతిలోంచి తీసుకుని తనే వేసేశాడు. అది మొదటి శనివారం. నేను అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు.

నేను షెబోయ్‌గన్ అనే ఊళ్లో స్కూలు బస్సు నడుపుతాను. ఇరవై రెండేళ్లుగా శనివారం మధ్యాహ్నాలు మాత్రం లైబ్రరీ కింది గదిలో కథలాట నడుపుతున్నాను. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. ఎదురుగా ఏముందో నేను చెబుతాను, ఏం చేస్తారో వాళ్లు చెబుతారు. ఆ పని పారిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది; పెద్ద అంకె పడితే పారినట్టు, చిన్నది పడితే లేనట్టు. అంతే ఆట. ఇంత సులువైనదాన్ని కొత్తవాళ్లకి నేర్పడం నా ప్రాణాలు తోడేస్తుందని ఆ చలికాలం దాకా నాకు తెలియదు.

మా పాత జట్టులో ఆరుగురం ఉండేవాళ్లం. ఇద్దరు అరిజోనా ఎండలకి వెళ్లిపోయారు, ఒకాయన మనవల్లో పడ్డాడు, ఒకావిడ మోకాలి ఆపరేషను తరవాత మెట్లు దిగనంది. ఇక మిగిలింది నేనూ, కిప్ టెన్‌పాసూ. కిప్ జున్ను ఫ్యాక్టరీలో మెకానిక్కు. నిబంధనల పుస్తకాన్ని పేజీ నంబర్లతో సహా అప్పజెబుతాడు. మా ఆయన చనిపోయిన ఏడాది ఒక్క వారం కూడా మానకుండా వచ్చి నా ఎదురుగా కూర్చున్నవాడు కూడా అతనే. అందుకే అతన్ని పల్లెత్తు మాట అనలేను.

కొత్తవాళ్లని పోగుచేసింది నేనే. బస్సు డిపోలో నాతో పనిచేసే రోషెల్, డ్వేన్ వస్తామన్నారు. రోషెల్ వాళ్ల అత్తగారు ఎడ్నాని కూడా వెంటబెట్టుకొచ్చింది. "ఇంట్లో ఒక్కదాన్నే వదిలితే మంచు ఎత్తుతానని పార పట్టుకుంటుంది" అంది. ఎడ్నా గారికి డెబ్బై నాలుగు. నలభై ఏళ్లు మాంసం కొట్టు కౌంటరు వెనక నిలబడ్డ మనిషి.

వాళ్ల కోసం చక్కటి కథ తయారుచేశాను. ఒక నది, దాని మీద రాతి వంతెన, వంతెనకి కాపలాగా ఒక రాక్షసుడు, అవతల కొండకోట. కోట గురించే పధ్నాలుగు పేజీలు రాసుకున్నాను. వంతెనకి పావుగంట చాలనుకున్నాను.

"రాక్షసుడు గద నేలకేసి కొట్టాడు. ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

ఎడ్నా గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఆ అబ్బాయి ఎంతసేపట్నించి నించున్నాడమ్మా అక్కడ?"

"వాడు రాక్షసుడండీ."

"అయితే మాత్రం కాళ్లు పీకవా? ఉండు, నేనెళ్లి పలకరిస్తాను."

కిప్ నవ్వాడు. "పలకరింపులు కుదరవు పెద్దమ్మా. మీ పాత్రకి మాటకారితనం తక్కువ. మీ దగ్గర నిద్రమంత్రం ఉంది, అది వెయ్యండి."

"నాకు వెయ్యాలని లేదు నాయనా."

"వెయ్యకపోతే అందరం చస్తాం. ఇలా ఇవ్వండి."

పాచిక నాలుగు పడింది. మంత్రం పారలేదు. యుద్ధం మొదలైంది. రెండు గంటలు కొట్టుకుని అందరూ వెనక్కి పరిగెత్తారు.

రెండో శనివారం ఇంకా అన్యాయం. ఎడ్నా గారు అల్లిక తెచ్చుకున్నారు. రోషెల్ మూడోసారి, "ఇంతకీ ఇందులో గెలిచేదెవరు?" అని అడిగింది. డ్వేన్ ఎక్కడ నిలబడాలో, ఎవర్ని పొడవాలో కిప్పే చెబుతున్నాడు. డ్వేన్ ఫోనులో బాస్కెట్‌బాల్ చూసుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ ఫోను లోపల పెట్టవయ్యా!"

"ఎందుకూ? నా వంతు కూడా కిప్పే ఆడేస్తున్నాడుగా."

ఆ మాట వినపడింది కానీ చెవికెక్కలేదు. వీళ్లకి శ్రద్ధ లేదు, నా పధ్నాలుగు పేజీలూ బూడిదలో పోసిన పన్నీరు అనుకుంటూ ఇంటికెళ్లాను.

సోమవారం పొద్దున్న డిపోలో బస్సు అద్దం మీద మంచు గీకుతుంటే రోషెల్ వచ్చింది. "ఈ శనివారం మేం రాం, మార్లిస్."

"ఏం?"

"మీ కిప్ ఆడుతుంటే చూడ్డానికి అంత దూరం రావాలా? మా అత్తయ్య ఏమందో తెలుసా? 'ఒక్కసారైనా నన్ను మాట్లాడనివ్వలేదే ఆ పిల్ల' అంది. కిప్‌ని కాదు, నిన్ను."

"ఆట నేర్చుకోవాలంటే ఓపికుండాలి రోషెల్."

"నేర్పేవాళ్లకి అక్కర్లేదా?"

ఆ రోజంతా బస్సు నడుపుతున్నానన్నమాటే గాని, మనసు మనసులో లేదు. సాయంత్రం కిప్‌కి ఫోన్ చేశాను. "ఈసారి వాళ్లని ఆడనిద్దాం" అన్నాను.

"నేనేమన్నా అడ్డుపడుతున్నానా?"

"పడుతున్నావు."

"సరే. నోరు కుట్టేసుకుంటాలే."

బతిమాలగా బతిమాలగా మూడో శనివారం రోషెల్, ఎడ్నా గారు వచ్చారు. డ్వేన్ రాలేదు. కిప్ నోరైతే మూసుకున్నాడు గానీ, ప్రతి మాటకీ బల్ల వణికేలా నిట్టూరుస్తున్నాడు.

ఎడ్నా గారు అల్లిక పక్కన పెట్టారు. "నేను ఆ రాక్షసుడి దగ్గరికెళ్తున్నాను. బాబూ, పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా?"

గొంతు బొంగురు చేసి, "లేదు" అన్నాను.

"రాక్షసులు మాట్లాడరు మార్లిస్" అన్నాడు కిప్. "నలభై రెండో పేజీ."

"నా రాక్షసుడు మాట్లాడతాడు. ఎడ్నా గారూ, వాడు మీ మాట వింటాడో లేదో పాచిక వెయ్యండి."

ఆవిడ పాచిక తీసుకున్నారు. కిప్ చెయ్యి బల్ల మీదుగా వచ్చేసింది. "అది కాదండీ, ముందు—"

"కిప్! చెయ్యి తియ్!"

నా కేక నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. కిప్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన పాచికలన్నీ ఒక్కొక్కటే సంచిలో వేసుకుని, కోటు తొడుక్కుని, "ఇరవై రెండేళ్లు" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు.

ఎడ్నా గారు మెల్లిగా అడిగారు. "వెయ్యనా అమ్మాయ్, మానెయ్యనా?"

"వెయ్యండి."

మూడు పడింది. ఇంత జరిగాక మూడు! అబద్ధం చెబుదామన్నా అందరి కళ్లముందే పడి ఉంది. "రాక్షసుడు మిమ్మల్నెత్తి నదిలోకి విసిరేస్తున్నాడు" అన్నాను. ఇక వీళ్లు కూడా లేచిపోతారనుకున్నాను.

"నన్నా? తిండి పెడదామనుకున్న నన్నా?" ఎడ్నా గారు కుర్చీలోంచి లేచారు. "వాడి కాలు పట్టుకుంటున్నా! రోషెల్, నువ్వు నన్ను పట్టుకో!"

"నేను చెట్టు మీదున్నాను అత్తయ్యా!"

"దిగవే మరి!"

ఆ కేకలకి లైబ్రరీ వాళ్లు వచ్చి తలుపు తీసి చూశారు. అయిదింటికి గది మూసే వేళకి రాక్షసుడితో సహా ముగ్గురూ నీళ్లలో ఉన్నారు. నా పధ్నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం కూడా పనికి రాలేదు. మనసారా నవ్వుకోవాల్సిన రోజు. కారులో కూర్చుని కిప్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

రెండు వారాల తరవాత పెట్రోలు బంకులో ఎదురుపడ్డాడు. పలకరిద్దామా వద్దా అని నేను తేల్చుకునేలోపే, "దాటారా?" అన్నాడు.

"లేదు. ఇంకా నదిలోనే కొట్టుకుపోతున్నారు. డ్వేన్ మళ్లీ వస్తున్నాడు, తెప్ప కడుతున్నాడు."

"తెప్పా? ఆ వరదలో తెప్పెలా నిలుస్తుంది? నేనుంటే పది నిమిషాల్లో దాటించేవాణ్ని."

"అదే కదా, కిప్, గొడవ!"

శనివారం రమ్మని నా నాలిక చివరిదాకా వచ్చింది, అడిగితే బాగుండునని అతని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. కిప్ పెట్రోలు గొట్టం తగిలించి, టోపీ చెవుల మీదికి లాక్కుని, బండెక్కి వెళ్లిపోయాడు. కోపం అతని మీదో నా మీదో తెలియక అక్కడే నిలబడ్డాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు.